అర సెకను

ఆటోనగర్ రేకుల షెడ్డులో
మొదటి రోజు నేర్పింది ఆపడమే.
ఎర్ర పుట్టగొడుగు లాంటి బటన్ మీద అరచెయ్యి ఉంచి
మైలపల్లి దేముడు మాస్టారు అన్నారు:
"దీని తీగ ఎప్పుడూ కలిసే ఉంటుంది.
ఎలక కొరికినా, ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగినా
రోబో ఆగిపోవాలి.
కబురు వస్తున్నంతసేపే కదలిక.
రాకపోవడం కూడా కబురే."
నేను రాసుకున్నాను.
పక్కన అప్పలకొండ రాసుకోలేదు.
యాభై రెండేళ్ళ వెల్డరు,
ఓడల అడుగున పడుకుని కళ్ళు సగం కాల్చుకున్నవాడు,
వేటకెళ్ళిన పడవ నుంచి ఫోను రాని రాత్రి గురించి విన్నట్టు
తల ఊపాడు.

రెండో వారం నిచ్చెనలు.
తెర మీద ఎడమన కరెంటు, కుడిన మోటారు,
మధ్యలో మెట్టు మెట్టుకీ షరతులు.
తలుపు మూసి ఉందా, గాలి పీడనం చాలిందా,
మనిషి పక్కకు తప్పుకున్నాడా?
అన్నీ ఔనంటేనే ఆ మెట్టు వెలుగుతుంది.
పీఎల్‌సీ పైనుంచి కిందికి చదివి, మళ్ళీ పైకెక్కి
రెప్పపాటులో పదిసార్లు
అడిగిందే అడుగుతుంది. విసుగు లేదు.
స్టార్ట్ మీద వేలు తీసేశాకా మోటారు తిరుగుతూ ఉండాలంటే
దాని వెలుగునే దానికి ఆసరా కట్టాలట.
నాకు బుర్రకెక్కడానికి మూడు రోజులు,
అప్పలకొండకి టీ చల్లారేంతసేపు.
"ఏటుందమ్మా ఇందల,
పక్కోడు సెయ్యి ఒగ్గేసినా
తన్ను తాను పట్టుకోనుండడం."

పెండెంట్ చేతికొచ్చిన రోజు
దాని వెనక మీటకి మూడు అంచెలని తెలిసింది.
వదిలేస్తే రోబో ఆగుతుంది.
భయపడి పిసికేసినా ఆగుతుంది.
మధ్యలో పట్టుకోవాలి,
రద్దీ బస్సులో ఎవరి బిడ్డదో చెయ్యి పట్టుకున్నంత.
ఆ సాయంత్రం అరవైసార్లు ఆపేశాను.
గాజువాక నుంచి కంచరపాలెం దాకా
బస్సు రాడ్డు మీద సాధన చేశాను.

రోబోకి దారి నేర్పడమంటే చుక్కలు పెట్టడం.
ముగ్గులాగే అంది వెనక బెంచీ పిల్ల.
కాదు. ముగ్గు తప్పితే చెరుపుతాం.
ఇక్కడ తప్పితే టార్చి కొన బల్లలో దిగబడుతుంది,
పద్దెనిమిది వేలు.

అప్పలకొండ పెట్టిన దారిలో
చివరి చుక్క దగ్గర అర సెకను ఆగడం ఉంది.
ఎందుకంటే "ఊపిరి" అన్నాడు.
ముక్కకి అర సెకను, రోజుకి తొమ్మిది వందల ముక్కలు,
ఏడున్నర నిమిషాలు దండగ.
కాగితం మీద లెక్క చూపించి
ఆ లైను తీసేశాను.
ఆయన వాదించలేదు.
హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని
డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తూ కూర్చున్నాడు,
అది అక్కణ్ణుంచి కనబడదు.

మర్నాడు ప్రతి అతుకు కొసనా
చీమ తలంత గుంట.
ఎర్ర ద్రావణం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే
పొడిలోంచి ఎర్ర వెంట్రుక లేచింది.
పగులు.
"గుంట నిండకుండా సెయ్యి తీసేత్తే అంతే.
కరిగింది కుదురుకోడానికి కూసింత టైమివ్వాల."
మరి ఊపిరన్నారుగా అన్నాను.
"ఊపిరి ముందా, నిండడం ముందా
ముప్పై ఏళ్ళనుంచీ నాకూ తెల్దు."

లైను మళ్ళీ పెట్టాను.
పక్కనున్న గడిలో పేరు రాయొచ్చు,
ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదే పడతాయి.
అప్పలకొ
దాకా వచ్చింది.

అచ్యుతాపురం కంపెనీ నన్ను పిలిచింది.
ఆయన్ని పిలవలేదు,
వయసు దగ్గర ఏదో షరతు కలవలేదు,
మెట్టు వెలగలేదు.

ఇక్కడ నా రోబో
రోజుకి తొమ్మిది వందలసార్లు ఆగుతుంది.
ఎందుకని సూపర్‌వైజర్ ఇంకా అడగలేదు.

ఆదివారాలు ఫోను చేస్తాను.
ఎత్తకపోతే పనిలో ఉన్నాడనుకుంటాను.
రెండో ఆదివారమూ ఎత్తకపోతే
గాజువాక బస్సెక్కుతాను.