సినిమా అయిపోయినాక చీటీలు

ప్రొజెక్టరు ఫ్యాను ఇంకా తిరుగుతా ఉంది.
బైరాగిపట్టెడ హాస్టల్, భోజనాల హాలు.
గోడకు కట్టిన దుప్పటి పద్నాలుగో రూముది,
ఒక మూల సాంబారు మరక.
రెండు గంటలసేపు ఆ మరక మీదుగానే
ఎక్కడో అమెరికాలో బ్లాక్ పిలకాయలు కాలేజీకి పోయినారు,
ఫీజు కిటికీ ముందర నిలబడినారు,
ఒకరి తల ఒకరు దువ్వుకున్నారు.

నోటుబుక్కు చించి చీటీలు పంచినాం.
కడిగిన మజ్జిగ బకెట్‌లో వెయ్యమన్నాం.
ఎట్లుండాదో రాయండి, పేరు అక్కర్లేదు.
పేరు అక్కర్లేదంటే మావాళ్ళకు ధైర్యం.
చేతిరాత చూసి నేను అందరినీ కనిపెడతాను.

'పాటల్లేవు.' ఇది గుణశేఖర్.
'ఇంటర్వెల్లో బజ్జీ బాగుంది.' ఇదీ గుణశేఖరే, రెండో చీటీ.
'హీరోయిన్ నలుపు. అందంగా ఉంది.'
ఆ రెండు వాక్యాల నడుమ 'అయినా' అని రాసి
కొట్టేసినారు.
కొట్టిన గీతకు కాగితం చినిగింది.

ఒకరు నన్నే పట్టుకున్నారు:
'తెలుగు మాటలు రాసిందెవురు?
వాళ్ళు అన్నా, తమ్ముడా అని పిలుచుకుంటా ఉంటే
మా సత్యవేడు బస్సెక్కినట్టుండె.'
తిట్టో మెప్పో తెలీలేదు.
పదకొండు రాత్రులు కూర్చున్నా ఆ మాటలతో.
బ్లాక్ దగ్గర ఆగిపోయినా.
నలుపు అంటే సంతలో బర్రెకు చెప్పినట్టుంది,
నల్లజాతి అంటే రెండు మార్కుల ప్రశ్న,
కర్రిది అంటే, అది మా మేనత్త నన్ను పిలిచే పేరు.
చివరికి బ్లాక్ అనే వదిలేసినా.
తెలుగులో దొరక్క కాదు.
దొరికిన ప్రతిదాని మీదా
ముందే ఎవరో ఉమ్మేసి ఉన్నారు.

చెంగల్రాయుడు సారు చీటీ మడవలేదు, కింద సంతకం:
'విదేశీ సమస్యను హృద్యంగా చూపిన చిత్రం.
మన విద్యాసంస్థల్లో ఇటువంటివి లేకపోవడం అదృష్టం.'
రాసింది పైకి చదివి మరీ వేసినాడు.
వెనక వరసలో ఎవరో దగ్గినారు.
దగ్గు ఒకరితో ఆగలేదు.

కార్వేటినగరం పిల్లోడు, బీకాం రెండో ఏడు,
చీటీ రెండువైపులా నింపినాడు:
'ఆ గ్రౌండులో డ్రమ్ములు కొట్టే పిలకాయలు
తెల్ల గ్లౌజులు వేసుకోనుండారు.
ప్రిన్సిపాలు లేచి నిలబడినాడు.
మా నాయన పలక కొడతాడు.
నన్ను చేర్చిన దినం గేటు బయట
జిరాక్సు అంగడి కాడే నిలబడినాడు.
రా నాయనా అంటే, చెప్పులు బాగలేవురా అన్యాడు.
వాళ్ళ పలక కాలేజీ లోపల ఉండాది.
అది నాకు నచ్చింది.
నచ్చింది అనేది సరైన మాట కాదు.'

పుష్పావతక్క చీటీ రాయలేదు.
కొండమీద కల్యాణకట్టలో కత్తి పట్టే మనిషి,
చెల్లెల్ని చూడను వచ్చి సినిమాకు కూర్చునింది.
"ఒక పిల్ల ఇంకో పిల్ల మోకాళ్ళ నడుమ కూర్చోని
జడలల్లించుకునింది చూడు,
ఆ అల్లికలో వేరే జుట్టు కలిపినారు, కనిపెట్టినావా?
నేను తీసేది యాడికి పోతాదో అనుకుంటా ఉంటి.
మొక్కు తీరినోళ్ళు గుండుకు గంధం పూసుకోని పూడస్తారు.
ఎవురి బిడ్డ జరమో, ఎవురి కోర్టు కేసో,
అంతా ఆ యెంటికల్లోనే కదా ఉండేది.
పాపం, ఆ పిల్లకు తల బరువు కాదా?"
నవ్వింది. నవ్వి నా జడ చూసింది,
కొలతేసినట్టు.

బకెట్ అడుగున తడికి అంటుకోని ఒకటి మిగిలింది.
పెన్సిలు. కొత్తగా చేరిన పిల్లోడిది కాబోలు,
ఈ ఒక్క రాత నాకు తెలీదు.
'నడుమ కరెంటు పోయింది కదా.
ఆ ఆరు నిమిషాల్లో
వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఏం చెప్పినాడు?'

దుప్పటి విప్పి, మడిచి, పద్నాలుగో రూముకు ఇచ్చేసినా.
పొద్దున్నే ఆ చీటీ వెనక రాసి
మెస్సు తలుపుకు గుచ్చినా:
అన్నం తిన్నానమ్మా అన్నాడు.
తినలేదు.