కొలబద్ద దగ్గర

పొద్దున ఆరింటికి
నారిన్ పట్నం వంతెన కింద
ఇనప కొలబద్ద మీద మంచు గోకి
అంకె చదువుతాను.
ఇవాళ నూట పన్నెండు.
నిన్నటికంటే రెండు వేళ్ళు తక్కువ.

పైన హిమానీనదం ఏం చేస్తోందో
నాకు ఈ అంకెల్లోనే తెలుస్తుంది.
జూన్‌లో ఎండ మండిన రోజు
నీళ్ళు సాయంత్రం పెరగవు, తెల్లవారుజామున పెరుగుతాయి.
మంచు పగలు ఏడ్చిందంతా
రాత్రి నడిచి నా దగ్గరికి వస్తుంది.
పాలలో బూడిద కలిపినట్టుండే ఆ నీళ్ళని
చెంబులో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే
అడుగున కొండ కనిపిస్తుంది.

నాయన ఈ పని చేసే రోజుల్లో
అంతా ఒకటే దేశం.
అంకెను ఫోన్లో కిందికి పంపేవాడు,
నమంగాన్‌కి, ఖుజంద్‌కి, కజాలీకి.
నీళ్ళకి నెల పట్టే దారి
ఆయన గొంతు నిమిషంలో నడిచేది.

ఒక డిసెంబర్లో
నది అదే నది, దేశాలు నాలుగు.

నమంగాన్ దగ్గర కరా దర్యా వచ్చి కలిశాక
దీని పేరు సిర్ దర్యా అంటారు.
ఏ పేరుతో పిలిచినా
ఆగి పలికే అలవాటు దీనికి లేదు.
ఉజ్బెకుల పత్తిచేల మధ్య నుంచి
తాజికుల ఖుజంద్ వంతెన కిందికి,
మళ్ళీ వెనక్కి ఉజ్బెకుల్లోకే,
అక్కణ్ణించి కజాకుల గడ్డిమైదానంలోకి.
ఒకే దేశంలోకి రెండుసార్లు పోయింది,
ఒక్కసారీ ముద్ర వేయించుకోలేదు.

ఖుజంద్‌లో జెబినిసో, కజాలీలో ఒరాజ్‌గుల్.
ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూడలేదు.
ఆఫీసులు అంకెల్ని ఉత్తరాలుగా పంపుకుంటాయి,
సంతకాల కోసం అవి బల్లల మీద ఎండుతుంటాయి.
మేం ఆదివారాలు ఫోన్ చేసుకుంటాం
ముగ్గురికీ మిగిలిన పాత రష్యన్‌లో.
ముందు అంకె. తర్వాతే మోకాళ్ళ నొప్పులు,
జెబినిసో ఎండబెట్టిన ఆప్రికాట్లు.

జనవరిలో మాత్రం
ఒరాజ్‌గుల్‌కి చేయాలంటే వేలు ముందుకు రాదు.
మా ఊళ్ళో సున్నాకి ముప్పై కింద.
దిగువన పెద్ద ఆనకట్ట తలుపులు ఎత్తితేనే
నా హీటర్ తీగ ఎర్రబడుతుంది.
ఆ నీళ్ళే పోయి పోయి
గడ్డకట్టిన నది వీపెక్కి
ఆమె మరిది సెరాలీ గడ్డివాముల్ని ముంచుతాయి.
"ఈసారి ఎక్కువ వదిలారా, బురుల్చా?"
నేను నీళ్ళు నమిలాను
హీటర్ మీద మేజోళ్ళు ఆరేసుకుంటూ.

జూలైలో వాళ్ళ వరిమడి పగిలినప్పుడు
అవే తలుపులు మూసుంటాయి, మా వచ్చే చలికాలం కోసం.
నీరు పల్లమెరుగు.
పల్లంలో ఎవరున్నారో అది ఎరగదు.
నేనెరుగుదును. చిక్కంతా అదే.

నిరుడు శరత్తులో ఒక మంగళవారం
తనే ఫోన్ చేసింది.
వెళ్ళిపోయిన సముద్రం
కట్ట వేసిన వైపు కొంచెం వెనక్కి వచ్చిందట,
సెరాలీ మోచేతి పొడుగు చేప తెచ్చాడట.
"ఇందులో మీ మంచు ఎంతుంటుందే?"
నోట్‌బుక్ తీసి లెక్క వేశాను, సరదాకే.
పత్తి తాగింది, ఎండ తాగింది, ఇసుక తాగింది.
నా పెన్సిల్ చార్‌దరా దగ్గరే ఆగిపోయింది.

ఆమెకి నేను చెప్పనిది ఒకటుంది.
పైన హిమానీనదం ఈ ఏడు
ఇంతకుముందు ఎవరూ చూడని బండనొకదాన్ని
బయటపెట్టింది.
అది కరిగినన్నాళ్ళూ నీళ్ళు పెరుగుతాయట.
ఆ తర్వాత పెరగవట.
పెరిగే ఏళ్ళలో నా అంకె
శుభవార్తలాగే వినిపిస్తుంది.

ఇవాళ ఆదివారం.
"నూట పన్నెండు," అన్నాను.
అటు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
పెనం మీద నూనె చిటపటలాడుతోంది.
"రాసుకుంటున్నా," అంది ఒరాజ్‌గుల్,
"మళ్ళీ చెప్పు."