చీటీల డబ్బా

శుక్రవారం చాపెల్‌కి ముందు
ప్రార్థన చీటీలు విప్పడం నా పని.
బిస్కెట్ల డబ్బాకి కన్నం చేసిన పెట్టె,
తాళంచెవి నా చున్నీ చివర.
పేర్లు రాయకూడదని నియమం.

"మెస్సు పప్పులో పప్పు కనిపించునట్లు."
ఇలాంటివి చదవనని పాస్టరుగారికి మాటిచ్చాను.
చదువుతాను.

"లెక్కల పేపరు మూడోసారి. ఈపాలైనా గట్టెక్కించు ప్రభువా."
"సీతంపేట బస్సు ఆదివారం కూడా నడిపీలాగ."
"అయ్య ఏటకెల్లి మూడ్రోజులు. గాలి తిరిగిపోనాది. భావనపాడు."
ఊరు రాసేశాక పేరెందుకు?

ఒకటి సవర మాటల్లో, తెలుగు అక్షరాల్లో.
కూడబలుక్కుని మూడుసార్లు చదివాను.
అర్థం కాలేదు.
రాసింది నాకు కాదులే.

అడుగున, ఎనిమిది మడతల్లో:
"అమ్మకి క్రియాటినిన్ 7."
అంతే. వేడుకోలు లేదు, ఆమేన్ లేదు.

ఆ ఏడుకి నడుమున అడ్డగీత.
అలా రాసేది మా గదిలో ఒక్కర్తే,
కవిటి పిల్ల, మడ్డు హెప్సిబా.
రాత్రి వార్డెనమ్మ నడక నడిచి చూపించి
మంచాలు కిర్రుమనేలా నవ్వించింది.

మైకు ముందు నిలబడ్డాను.
పలాస గాలి, కిటికీలోంచి
జీడిపిక్కల పొగ మోసుకొచ్చింది.

పప్పు చీటీకి హాలంతా నవ్వింది. అదీ నవ్వింది.
ఆఖరి చీటీ దగ్గర
"ఒక తల్లి కోసం" అన్నాను.
అంకె మింగేశాను.

వెనక వరసలోంచి, తల ఎత్తకుండానే,
"సరిగ్గా సదువే.
ఏడు."