ఆఖరి డ్రమ్ము

గుడిపాల దాటినాక ఎడమచేతి వైపు,
ఆడి నెల ముగిసేసరికి ఈగలు కూడా వదిలేసి పోయే
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
ఇక్కడ డ్రమ్ము అంటే వాద్యం కాదు,
రెండువందల పదిహేను కిలోల తోతాపురి.
ఆఖరి దానికి మధ్యాహ్నం సీలు వేశాం.
రాత్రికి ఖాళీ గోడౌన్ మాకిచ్చాడు చెంగల్రాయుడు.
"పన్నెండుకల్లా కట్టేయాల,
పైన రేకులు ఊడితే నాది పూచీ లేదు."

పగలు నేను ల్యాబులో ఉంటాను.
చుక్క గుజ్జు గాజు మీద వేసి, వెలుతురుకెత్తి,
ఒక కన్ను మూసి తీపి అంకె చదువుతాను.
తోతాపురి పద్నాలుగు. ఖాదరు పదిహేడు.
పుల్లటిదీ తియ్యటిదీ ఎంతలో ఎంత కలిపితే
ఎవరో, ఎక్కడో, గ్లాసులో పోసుకుని
ఒకే చెట్టు కాయ అనుకుంటారో
అదే నా జీతం.

రాత్రీ అదే పని.
కన్నుకు బదులు ఒక చెవి మూస్తాను.

ఎడమ డెక్ మీద ఎనిమిది-ఏ.
నిమిషానికి నూటముప్పై దెబ్బలు. పల్లవి లేదు, మాట లేదు,
నలభైమంది చెప్పులు మాత్రం లేస్తున్నాయి.
కుడి డెక్ మీద తొమ్మిది-ఏ,
ఇంకా నా హెడ్‌ఫోన్లోనే,
వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్న చుట్టంలా.
రెంటికీ ఏడేసి స్వరాలు. ఆరు ఒకటే.
ఏడోది అరమెట్టు పైకెక్కి కూర్చుంది.
పక్కపక్క అంకెలు కదా, కలుస్తాయి అంటుంది చక్రం.
పక్కపక్క ఇళ్ళవాళ్ళంతా కలుస్తున్నారా?

వేళ్ళ కణుపుల మీద ముప్పైరెండు లెక్కపెట్టి
కుడి ఫేడర్ వెంట్రుకంత లేపాను.
మంద్రాన్ని మాత్రం తొక్కిపెట్టాను.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నవాడికి
సబ్‌వూఫర్ తెలీదు, సంగతి తెలుసు.

కలిసింది.
కలిసినట్టే ఉంది.
అంతలో నాలుక చివర ఏదో గీరింది.

"పాపా, యాడో ఒక కాయ పులిసుండాది."

కుప్పమ్మ.
ఇరవైరెండేళ్ళుగా బెల్టు పక్కన నిలబడి
తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి
పండా దోరా చెప్పేస్తుంది.
ఈ మాట ఆమెకు ఈ సాయంత్రమే పరిచయం,
ఇంకా టెక్కునో అనే అంటోంది.

ఎడమది విన్నాను. తియ్యగానే ఉంది.
కుడిది విన్నాను. అదీ.
మరి పులిసిందెక్కడ?

గోడ అవతల డీజిల్ జనరేటర్.
సాయంత్రం నుంచీ ఒకే స్వరం పట్టుకుని ఉంది,
నేను లెక్కలో వేసుకోని మూడో డెక్.
ఆ స్వరం రెండు ట్రాకుల్లోనూ ఉంది గనక
ఇంతసేపూ వినబడకుండా మాతో ఆడింది.
ఇప్పుడు జారింది.
ఈ మెట్టు మీదా లేదు, కింది మెట్టు మీదా లేదు,
అలిగి మధ్యలో కూర్చుంది.

"ఎవురబ్బా కడిగే తొట్టి మోటరేసిండేది!"
జబీవుల్లా అరుచుకుంటూ పరిగెత్తాడు.
బిర్యానీ డేగిశాలు కడగాలని ఎవరో వేశారట.

నేను నాలుగు దెబ్బల్ని పట్టుకుని గిరగిరా తిప్పుతూనే ఉన్నాను,
ఒక నిమిషం, మరో నిమిషం.
ఆడేవాళ్ళు దాన్ని పాటే అనుకున్నారు.
నా మెడ మీద చెమట మాత్రం అనుకోలేదు.

మోటారు ఆగింది.
గోడ అవతల గొంతు సర్దుకుంటూ, సర్దుకుంటూ,
తన మెట్టు ఎక్కింది.
అప్పుడు ఎడమ మంద్రం దించాను, కుడి మంద్రం ఎత్తాను,
రెండు చేతులూ ఒకేసారి.
కాంక్రీటు కిందనుంచి ఎవరో తలుపు తీసినట్టయింది.
ఆ అరమెట్టు రేకుల దాకా లేచింది.

కుప్పమ్మ ఏమీ అనలేదు.
కొంగు బిగించి, గ్రేడింగు బెల్టు ముందు ఊగినట్టే
కొంచెం పక్కకూ, కొంచెం ఇవతలకూ.

తెల్లారి మిగిలిన శాంపిళ్ళు చూశాను.
తీపి గడిలో తొమ్మిది-ఏ అని రాసి
కొట్టేశాను.
కొట్టివేత పక్కన సంతకం పెట్టాలట.
పెట్టాను.