ఒకటో నెంబరు

బుధవారాలు అన్నకి బి షిఫ్టు.
రెండింటికి షిప్‌యార్డులో దిగితే
పదిన్నరకి గానీ పడవ దాటి
కోటవీధి ఎక్కదు వాడి సైకిలు.
ఎనిమిదికి పాటల లెక్క మొదలు.
అందుకని ఆ గంట నా ఉద్యోగం,
జీతం వారానికో నిమ్మసోడా.

గ్రీకు ఓడ వంటవాడికి
రెండు జతల బూట్లిచ్చి తెచ్చిన రేడియో అది.
బూట్లు కంపెనీవి. అమ్మకి చెప్పలేదు.
వాల్వులు వేడెక్కేదాకా కాలిన దుమ్ము వాసన,
ఆ తరవాత సముద్రం అవతలి దీవి నుంచి
దగ్గుతూ దగ్గుతూ వచ్చేది హిందీ.

నాకు హిందీ రాదు.
రేషన్ డిపో పాత చిట్టా వెనకవైపు
వినబడింది వినబడినట్టు తెలుగులో రాసేదాన్ని.
పదహారు. పదిహేను. పద్నాలుగు.
ఎక్కిన పాటకి పై బాణం,
జారిన పాటకి కింది బాణం.
పన్నెండో మెట్టు మీద ఆరు వారాలు
కదలకుండా కూచున్న ఒకదానికి
మొండిది అని పేరు పెట్టాను.

అమ్మ పులుసు దించుతూ అడిగేది:
"మెట్లంటన్నాడు గదే, ఏ కొండకి?
సింహాచలం మెట్లకి నేనూ పసుపు రాసి బొట్టెట్టాను.
ఒకటి నించి ఎక్కుతాం గానీ
ఇలాగ ఎనక నించి లెక్కెడతారేటి?"
నా దగ్గర జవాబు లేదు.

ఏడో నెంబరు దగ్గర ఎప్పుడూ గొంతు సన్నబడేది.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
మా కిటికీని తుడిచి వెళ్ళినప్పుడల్లా
పాటని కొంచెం పట్టుకుపోతుందని నమ్మాను.
దీపానికీ పాటకీ సంబంధం లేదని
చాలా ఏళ్ళకి ఒక రేడియో మెకానిక్ చెప్పాడు.
వాణ్ణే పెళ్ళి చేసుకున్నాను, అది వేరే సంగతి.

వెల్డింగ్ షాపుకి ఆ చిట్టాయే గెజిట్.
పావలా పందేలన్నీ దాని మీదే తీరేవి.
హెల్పర్ మరిడయ్య ఒక్కడు
వారం వారం మొండిది మీదే కాసి
వారం వారం ఓడిపోయేవాడట.

ఆ బుధవారం రేవులో
మూడో నెంబరు ప్రమాద సూచిక ఎగరేశారు.
రేడియోలో రెండో నెంబరు దాకా వచ్చింది.
ఆ పైన ఏదో ఓడ, చీకట్లో,
టిక్కు టిక్కు టిక్కుమని
ఎవరినో పిలవడం మొదలెట్టింది.
తిప్పాను. కొట్టాను.
ఏరియల్ తీగ పట్టుకుని గుమ్మంలో
వానకి నేనే స్తంభమై నిలబడ్డాను.
టిక్కుల వెనక ఒక ఆడగొంతు
గోడవతల ఎవరో నవ్వినట్టు వచ్చి
పోయింది.
తొమ్మిదైంది.

ఆ రాత్రి పదిహేనింటిలో
మొండిది ఎక్కడా లేదు.
లేదంటే జారిపోయి ఉండాలి,
లేదంటే పైన ఉండాలి.
సోడా మీద ఆశో, దాని మీద జాలో,
ఒకటి ఎదురుగా మొండిదని రాసి
సిరా ఆరకముందే చిట్టా మూసేశాను.
ఇప్పటికీ ఎదుటి పేజీలో
ఆ అక్షరాలు తిరగబడి ఉన్నాయి.

పడవలు ఆపేశారని చుట్టూ తిరిగి వచ్చాడు అన్న,
చొక్కా పిండుకుంటూ చిట్టా విప్పాడు.
"మొండిదే?"
"మొండిదే."
లాంతరు వత్తి తగ్గించి పడుకున్నాడు.

మరిడయ్య పదకొండు రూపాయలు గెలిచి
నల్లగొడుగు కొన్నాడని విన్నాను.
ఎండైనా వానైనా దాన్ని వేసుకునే
గేటు దాటేవాడట, పెళ్ళికొడుకులా.

మొన్న కేజీహెచ్‌లో, కంటి వార్డులో,
కట్టు విప్పేదాకా ఊసుపోక
అన్న తనే ఎత్తాడు ఆ మాట:
"ఆ రాత్రి తుఫానని ముందే ఒగ్గేశారు మమ్మల్ని.
సింధియా టీకొట్టు చూరు కింద నిలబడి
ఆఖరు దాకా ఇన్నాను."

నాకు నోట మాట రాలేదు.
నలభై మూడేళ్ళ సోడా
గొంతులో గుచ్చుకున్నట్టు అయింది.
"మరి ఏ పాటరా, ఒకటి?"

కట్టు కింద కళ్ళు కదిలాయి.
ఏదో కూనిరాగం మొదలెట్టాడు,
సగంలో ఆగాడు,
నర్సు వచ్చింది.