రెండు వానకాలాల నూనె

వనపర్తి డిపోల నాది శ్రీశైలం బస్సు.
ఘాటు మలుపులు లెక్కబెట్టుడు ఎప్పుడో ఇడిసిపెట్టిన.
రోజూ బండి నడిపేటోని ఇంట్ల
బండి నడవక పండుకున్నదంటే
డిపోల పోరగాండ్లు నవ్వుతరు.

వేపచెట్టు కింద, నీలి తాడిపత్రి కప్పుకొని
తెల్ల ఆల్టో.
గద్వాల రైస్‌మిల్లాయన అమ్మంగ కొన్నది.
కొన్ననాడు మీటరు మీద ఎంతున్నదో
భాగమ్మ గోడ మీద బొగ్గుతోని రాసిపెట్టింది,
పాలాయన లెక్క పక్కన.
మొన్న చూసి తీసేస్తే
రెండేండ్లకు ఎనిమిది వందల పన్నెండు.
నేను రెండు డ్యూటీలల్ల తిప్పే దూరం.

అది గూడ వాళ్లక్క కాలు విరిగినప్పుడు
పాలమూరు దవాఖానకు నాలుగు సార్లు పోయినందుకు.
ఇంకింత పెబ్బేరు సంత.
మిగిలిన ఆదివారాలల్ల
తాడిపత్రి సగం మడిచి, భాగమ్మ తాళం తిప్పుతది.
బెల్టు పెట్టుకొని, అద్దం సదురుకొని,
ఎటూ పోకుండ పది నిమిషాలు కూసుంటది.
"బాటరీ చావకుండ" అంటది.
నేను లోపల పండుకొని ఆ చప్పుడు వింట.
రాత్రి డ్యూటీ దిగినోనికి
వేరే ఇంజను చప్పుడు జోలపాట కాదు.

పానగల్ రోడ్డు మీద జాంగీర్ షెడ్డు.
"ఆయిలెప్పుడు మార్చినవన్నా?"
"ఏం తిరిగిందని? వెయ్యి గూడ కాలే."
జాంగీర్ నవ్వలే.
పుల్ల గుంజి, పాత బనీనుకు తుడిచి,
మళ్ల దించి, ఎండకు పట్టిండు.
నల్లగుంది. నలుపుకు నేను భయపడ.
నల్లనూనె అంటే పనిచేసిన నూనె.
మూత తిప్పి లోపటి దిక్కు చూపిచ్చినంక
నా నోరు పడిపోయింది.
మజ్జిగ మీది మీగడ తీరు,
తెల్లగ, జిగట జిగట.

"నీళ్లన్నా ఇవి.
ఇంజను మంచిగ కాగకముందే బందు జేస్తే
లోపలి చెమ్మ బయిటికి పోదు.
నూనెల్నే కూసుంటది. పులుస్తది."

పులుస్తదంట.
దోసెపిండి పులుస్తదని తెలుసు, కల్లు పులుస్తదని తెలుసు.
ఇరవై రెండేండ్లు స్టీరింగు పట్టిన,
ఇనుము కడుపుల ఇదొకటి పులుస్తదని
నాకు ఎవలూ చెప్పలే. డిపోల బస్సుకు ఆగే తీరిక ఏది?

"తిరిగే బండికి కిలోమీటర్లు చూడు,
నిలబడే బండికి నెలలు చూడు,
ఏది ముందొస్తే అదే.
నీదానికి ఏడాదికొక్కపారి, తిరిగినా తిరగకున్నా.
వానలు పోయినంక మార్చు. ఫిల్టరు గూడ."

"మరి ఆదివారం మా ఆమె పది నిమిషాలు..."

"అదే ఖరాబు. స్టార్టు జేస్తే ఇరవై కిలోమీటర్లు పోవాలె.
లేకుంటే ముట్టొద్దని చెప్పు."

చెప్పిన.
భాగమ్మ బియ్యం చెరుగుతున్నది. చాట ఆగింది.
"ఎవరన్నరు?"
"జాంగీర్."
"ఇరవై అన్నడా? పక్కనా?"
చాట కింద పెట్టి, లోపలికి పోయి
ట్రంకు పెట్టె అడుగుకెళ్లి తెచ్చింది
ప్లాస్టిక్ కవర్ల ఉన్న లైసెన్సు.
మూడేండ్ల కింద తీసుకున్నదంట, నేను శ్రీశైలం ఘాటుల ఉన్ననాడు.
నీ బండి, నువ్వు దొరకాలె గద అని
అప్పటికెళ్లి ఊరుకున్నదంట.

ఇప్పుడు ప్రతి ఆదివారం పెబ్బేరు దాక.
డాక్టరు చీటీ రాసిచ్చినట్టే, తప్పదు.
నేను ఎడమ సీట్ల.
అక్కడ లేని బ్రేకును కాలుతోని తొక్కుత.
"తొక్కకు, కార్పెట్టు అరుగుతది" అంటది రోడ్డు మీంచి చూపు తియ్యకుండ.

గోడ మీద పాత అంకె పక్కన
కొత్తగ కార్తీకమని రాసింది. మీటరు రాయలే.

దింపిన పాత నూనె డబ్బల ఉండె.
సగం మంచం కోళ్లకు పూసిన, చెదలు పట్టకుండ.
సగం గేటు కీళ్లకు.
నడిరాత్రి డ్యూటీ దిగి వస్తే గేటు కిర్రు మనలే.
పొద్దుగాల భాగమ్మ అడిగింది:
"ఎప్పుడొచ్చినవ్?
గేటు గిట్ల సప్పుడు చెయ్యకుంటే నాకెట్ల తెలుస్తది?"