పన్నెండో నంబరు

నెల్లిమర్ల గోనె మిల్లు వాలీబాల్ జట్టులో
నాది పన్నెండో నంబరు.
బెంచీ అంటే బెంచీ కాదు, చిరుగు గోనెల కట్ట.
దాని మీద తొమ్మిదేళ్లు కూర్చున్నాను.
స్కోరు పుస్తకం రాశాను, నిమ్మకాయలు కోశాను,
ఆడేవాళ్ల మోకాళ్లకి నూనె రాశాను.

మిల్లు గేటుకి తాళం పడ్డాక
ఆట ఎవరి ఒంట్లో ఎంత మిగిలిందో
అంతే పట్టుకుని పోయారు అందరూ.

అప్పలసూరి బంతి లేపితే చప్పుడుండేది కాదు.
ఆ పది వేళ్లే ఇప్పుడు మూడులాంతర్ల దగ్గర
నూనెలోకి పునుగులు వదుల్తున్నాయి.
చుక్క చిందదు.
ఆ వేళ్లని చూడ్డానికే వెళ్తానంటాను ఇంట్లో.
అబద్ధం, పునుగులకీ వెళ్తాను.

దన్నాన పోలయ్య కొట్టిన స్మాషుకి
బొబ్బిల్లో ఒక కుర్రాడి ముక్కు పగిలింది.
ఆ కుడి చెయ్యి ఇప్పుడు చెవి దాటి లేవదు,
చొక్కా తొడగాలంటే కూతురు రావాలి.
చీపురుపల్లి గోడౌన్లో బస్తాలు మోస్తాడు,
అన్నీ ఎడం వైపే.

తవిటినాయుడు నెట్టు దగ్గర గోడ.
రైలు గేటు కాడ కాపలా ఇప్పుడు.
చేతిలో జెండా ఉన్నా
రెండు చేతులూ ఎత్తేసి నిలబడతాడు.
ఆటోవాళ్లు నవ్వుతారు.
ఆ చేతుల మీంచి ఏదీ దాటని రోజులు
వాళ్లెరగరు.

గౌరినాయుడికి ఆటల కోటాలో కానిస్టేబులు పని దొరికింది.
వాడొక్కడికే.
వాడొక్కడే ఫోన్ చెయ్యడు.
తప్పు వాడిది కాదేమో,
చేస్తే మేమే "ఏటి సారూ" అంటాం.

ఇస్రాయేలు సాలూరు లారీ షెడ్డులో ఉన్నాడు.
రౌతు సింహాచలం ఎక్కడున్నాడో
వాళ్లావిడకే తెలీదు.

మా కోచ్ జోగులు మాస్టారు
ఏనాడూ ఏ ఆటా ఆడలేదు.
స్పిన్నింగులో టైమ్ కీపరు. పుస్తకం చూసి నేర్పాడు.
గొంతు మాత్రం పుస్తకంలోది కాదు:
"ఒరే, బంతి నీకాడికొస్తాదని సూడకు,
అదేటెల్తాదో నువ్వు ముందెల్లు."
మిల్లు పోయాక పెళ్లిళ్లలో వంటవాళ్లతో తిరిగాడు.
అక్కడా బంతులే, భోజనాల బంతులు.
పప్పు గిన్నె వాణ్ణి పులుసు దగ్గరికి,
పులుసువాణ్ణి నీళ్ల దగ్గరికి
"తిరగండి, తిరగండి" అని చప్పట్లు కొట్టేవాడు.

మొన్న ఆషాఢం వానలో పోయాడు.

చంపావతి గట్టు దాకా మైలున్నర బురద.
పాడె కింద నలుగురు, పక్కన ఇద్దరు.
ఎక్కణ్ణించి వచ్చాడో, సింహాచలం కూడా వచ్చాడు.
మొదటి మలుపులో ఎవరో దగ్గారు, అంతే.
ముందు కుడివాడు వెనక్కి,
వెనక ఎడంవాడు ముందుకి,
గడియారం తిరిగే వైపు
ఆరుగురూ ఒక్క అడుగు జరిగారు.
పాడె కదల్లేదు.

పేలాల సంచితో వెనకాల నడుస్తున్నాను.
మూడో మార్పుకి పోలయ్య కుడి భుజం వంతు వచ్చింది.
పళ్లు బిగించాడు. బురదలో మోకాలు వంగింది.
గౌరినాయుడు నా వైపు తిరిగి
రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి
దారం చుట్టినట్టు తిప్పాడు.
ఆ సైగ నేను పుస్తకంలో
ఎన్ని వందల సార్లు రాశానో,
నా పేరు పక్కన ఒక్కసారీ రాయలేదు.

సంచి పోలయ్య చేతిలో పెట్టి
భుజం కిందికి చేర్చాను.
మనిషి ఏం బరువు లేడు.
వెదురే బరువు, తడిసి.
నా కాళ్లు మాత్రం ఎటెళ్లాలో
ముందే వెళ్లాయి.

గట్టు మీద దింపాక పోలయ్య అడిగాడు,
"ఏరా, రాసుకున్నావేటి?"
పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది.
ఆ మాట చెప్పేలోపే
అప్పలసూరి లేచి పంచె పిండుకున్నాడు.
"నాలుక్కి పొయ్యి ఎలిగించాల్రా,
నానెల్తాను."